ఏది మామూలో, ఏది కాదో ముందే చెప్పండి: మోకాళ్ళు మార్చే డాక్టర్లకు ఒక బహిరంగ లేఖ

మోకీళ్ళ మార్పిడి ఆపరేషన్లు చేసే ఎముకల డాక్టర్లకు, ఆ ఆసుపత్రులు నడిపే వారికి,

నమస్కారం.

జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. వయసు 66. మాది పశ్చిమ గోదావరి జిల్లాలో తణుకు దగ్గర పల్లెటూరు. కిందటేడు కార్తీక మాసంలో కుడి మోకాలు మార్పించుకున్నాను. పదమూడు నెలలైంది. ఇప్పుడు కర్ర లేకుండా మా శివాలయం దాకా నడిచి వెళ్ళి, మూడు ప్రదక్షిణలు చేసి, మళ్ళీ నడిచి ఇంటికొస్తున్నాను. ఆపరేషన్‌కి ముందు నాలుగేళ్ళు గుడి మెట్ల దగ్గరే నిలబడి దణ్ణం పెట్టుకుని వచ్చేసేదాన్ని. నా కాలు బాగు చేసిన డాక్టరుగారి మీద నాకు గౌరవం తప్ప ఇంకేమీ లేదు. ఆయన పేరుగానీ ఆసుపత్రి పేరుగానీ ఇందులో రాయను. నేను చెప్పదలచుకున్నది ఒక్క ఆసుపత్రి సంగతి కాదు. నాలాగే చేయించుకున్న పదిహేను ఇరవై మందితో ఈ ఏడాదిలో మాట్లాడాను. ఎక్కడెక్కడో చేయించుకున్నవాళ్ళు. అందరిదీ ఒకటే మాట: ఆపరేషన్ గురించి చెప్పారు, ఆ తర్వాత రోజుల గురించి చెప్పలేదు.

అయిదో రోజు నన్ను ఇంటికి పంపారు. తొమ్మిదో రోజు రాత్రి పదకొండు గంటలకి బాత్రూమ్‌కని లేచాను. కోడలు లైటు వేసి వాకర్ దగ్గరికి జరిపింది. నైటీ అంచు కాస్త పైకి తొలగింది. "అత్తయ్యా, ఇదేంటి ఇలా ఉంది?" అంది. వంగి చూసుకున్నాను. తొడ వెనకనుంచి చీలమండ దాకా కాలంతా కమిలిపోయి ఉంది. వంకాయ రంగు. పిక్క పక్కన నల్లగా, ఆ నలుపు అంచుల్లో పసుపు పూసినట్టు. పాదం బూరెలా పొంగి, వేళ్ళ మధ్య సందు కనబడటం లేదు. పగలంతా కాలికి బ్యాండేజీ మేజోడు వేసి ఉంటుంది కాబట్టి ఎవరమూ చూడలేదు.

ఫైలు మీదున్న నంబరుకి మా అబ్బాయి ఫోన్ చేశాడు. ఎత్తినావిడ రిసెప్షన్‌లో ఉండే అమ్మాయి. డ్యూటీ డాక్టరు ఆపరేషన్ థియేటర్లో ఉన్నారు, పొద్దున్న ఓపీకి తీసుకురండి అంది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, ఆమెకి తెలిసింది చెప్పింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ పడుకోలేదు. మా వారు దేవుడి గది గుమ్మంలో కూర్చుండిపోయారు. కాలు తీసేయాల్సి వస్తుందేమోనని ఆయన భయం. ఆ మాట పైకి అనలేదు, రెండు నెలల తర్వాత చెప్పారు. తెల్లవారుజామున నాలుగింటికి కారు మాట్లాడుకుని, వెనక సీట్లో కాలు బారజాపుకుని, గోతి వచ్చినప్పుడల్లా పళ్ళు బిగబట్టుకుని ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరుగారు రెండు నిమిషాలు చూశారు. పిక్క నొక్కారు, పాదం పైకీ కిందకీ ఆడించమన్నారు. "ఇది మామూలేనమ్మా. మోకాలి దగ్గర ఊరిన నెత్తురు కిందికి దిగుతుంది. రెండు వారాల్లో రంగు పోతుంది" అన్నారు. అలాగే పోయింది.

ఆ మూడు వాక్యాలు ఆపరేషన్‌కి ముందు రోజు చెప్పడానికి పది సెకన్లు పట్టేది. చెప్పి ఉంటే మా ఇంట్లో నలుగురికి ఆ రాత్రి ఉండేది కాదు.

ఇది ఒక వైపు. రెండో వైపు నాతో పదేళ్ళు ఒకే స్టాఫ్ రూములో కూర్చున్న సోషల్ టీచరుది. ఆవిడ రాయమంటేనే రాస్తున్నాను. ఆవిడకీ మోకాలు మార్చారు. మూడో వారంలో పిక్క గట్టిపడి నొప్పి మొదలైంది. వాపు ఉండటం మామూలే అని వాళ్ళ వీధిలో అంతకు ముందు చేయించుకున్నావిడ చెప్పింది. రాత్రి కాలు ఎత్తులో పెట్టుకుని పడుకున్నా పొద్దున్నకి తగ్గలేదు. అదీ మామూలే అనుకున్నారు. పైగా వాళ్ళ అక్క కొబ్బరినూనె వెచ్చచేసి రెండు పూటలా పిక్కలు బాగా పిసికింది. నొప్పి మొదలైన ఆరో రోజు మెట్టెక్కుతూ ఆయాసమొచ్చి కూలబడిపోయారు. పిక్కలో గడ్డకట్టిన నెత్తురు ముక్క ఊపిరితిత్తులకి వెళ్ళింది. దగ్గర్లో టౌను ఉండబట్టి, వాళ్ళ తమ్ముడి చేతిలో బండి ఉండబట్టి బతికారు. ఐసీయూలో తొమ్మిది రోజులు ఉన్నారు.

నేను భయపడాల్సిన అవసరం లేని దానికి నూరు కిలోమీటర్లు పరిగెత్తాను. ఆవిడ పరిగెత్తాల్సిన దానికి ఇంట్లో కూర్చున్నారు. ఇద్దరం చదువుకున్నవాళ్ళమే. గీత ఎక్కడుందో మాకెవరూ గీసి చూపించలేదు. ఈ ఉత్తరమంతా ఆ గీత గురించే.

ముందుగా మామూలువి. నాకు జరిగినవి, తర్వాత ఇంటికొచ్చి వ్యాయామాలు చేయించిన ఫిజియో అబ్బాయినీ, మా ఊరి ఎండీ డాక్టరు గారినీ అడిగి నిర్ధారించుకున్నవి రాస్తాను.

తొడ నొప్పి. కోసింది మోకాలి మీద, తొడ ఎందుకింత పచ్చిపుండులా ఉందని వారం రోజులు బెంగపెట్టుకున్నాను. ఆపరేషన్లో నెత్తురు కారకుండా తొడకి గట్టిగా పట్టీ బిగిస్తారట. ఆ బిగింపు నొప్పి కొన్ని రోజులు ఉంటుంది.

వేడి. కొత్త మోకాలి మీద చెయ్యి పెడితే ఎడమ మోకాలి కంటే వెచ్చగా తగిలేది. చీము పట్టిందేమోనని రోజుకి మూడుసార్లు థర్మామీటరు పెట్టుకునేదాన్ని. మానుతున్న కీలు ఆరు నెలల దాకా, కొందరికి ఇంకా ఎక్కువకాలం, వెచ్చగానే ఉంటుందట. వాపు కూడా అంతే. సాయంత్రానికి పెరిగి, రాత్రి కాలు ఎత్తులో పెట్టుకుంటే పొద్దున్నకి తగ్గుతుంది. పూర్తిగా పోవడానికి మూడు నుంచి ఆరు నెలలు. నాకు ఉగాది వెళ్ళాక గానీ పోలేదు.

తిమ్మిరి. గాటుకి బయటి వైపు అరచెయ్యంత మేర చర్మం నాది కాదన్నట్టు ఉంటుంది. స్నానం చేస్తూ నీళ్ళు పోసుకుంటే ఆ చోట తడి తెలుస్తుంది, వేడి తెలియదు. నరం తెగిపోయిందని ఏడ్చాను. నిజంగానే తెగుతుంది. చర్మానికి స్పర్శనిచ్చే సన్న నరం కొమ్మ ఒకటి మోకాలి మీదుగా అడ్డంగా వెళుతుంది, నిలువు గాటు పెట్టినప్పుడు అది తెగక తప్పదు. కాలి బలానికీ నడకకీ దానితో సంబంధం లేదు. ఏడాదిలో ఆ చోటు కుంచించుకుపోతుంది, కొంచెం ఎప్పటికీ మిగలవచ్చు. నాకిప్పుడు అయిదు రూపాయల బిళ్ళంత మిగిలింది.

చప్పుడు. రెండో నెలలో మెట్లు దిగుతుంటే లోపల టక్కుమనేది. మనవడు కూడా విన్నాడు. బోల్టు వదులైందా అని నా అనుమానం. అసలు మాకు లోపల ఏం పెట్టారో కూడా సరిగా తెలియదండీ. మా వైపు అందరూ "చిప్పలు మార్పించుకుంది" అంటారు. పాత చిప్ప తీసి అవతల పారేసి కొత్త చిప్ప పెడతారని నేనూ అనుకున్నాను. తొడ ఎముక చివరా, కింది ఎముక పైనా గుజ్జు అరిగిపోయిన పొర చెక్కేసి, పన్నుకి టోపీ తొడిగినట్టు లోహపు టోపీలు తొడిగి, మధ్యలో గుజ్జుకి బదులు గట్టి ప్లాస్టిక్ పలక పెడతారని ఆరో వారంలో ఎక్స్‌రే చూపిస్తూ చెప్పారు. లోహం ప్లాస్టిక్‌కి తగిలితే చప్పుడొస్తుంది, నొప్పి లేకపోతే పట్టించుకోనక్కర్లేదు. అదే బొమ్మ ఆపరేషన్‌కి ముందు చూపించి ఉంటే ఆ టక్కు నాకు భయం కలిగించేది కాదు.

నిద్ర. దీని గురించి ఒక్కరు కూడా చెప్పలేదు. మొదటి ఆరు వారాలు రాత్రి రెండు గంటలకి మెలకువ వచ్చేసేది. ఎటు తిరిగినా కాలు లాగేది. పగలు ఓర్చుకున్న నొప్పి రాత్రి వడ్డీతో సహా వచ్చేది. నిద్ర లేకపోతే మనసు కుంగిపోతుంది. నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం కోడలు పెరుగన్నం కలిపి తెస్తే, ఊరగాయ వెయ్యలేదని వెక్కి వెక్కి ఏడ్చాను. ముప్పై ఏళ్ళు పిల్లల్ని ఏడవకండిరా అని సర్దిచెప్పినదాన్ని. అనవసరంగా చేయించుకున్నాను, నడవగలిగే కాలు చేజేతులా పాడుచేసుకున్నాను అనిపించింది. తర్వాత ఎవర్ని అడిగినా ఆ నాలుగో వారం ఏడుపు వాళ్ళకీ ఉంది. ఒకావిడ నెలన్నర పాటు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదట. ఇది కూడా కోలుకోవడంలో భాగమేననీ, పోతుందనీ, పోకపోతే ఫలానా వారికి చెప్పమనీ ఎవరైనా అని ఉంటే ఇంట్లోవాళ్ళు మాలాంటివాళ్ళని మొండివాళ్ళనీ గారాబమనీ అనకుండా ఉండేవారు.

మలబద్ధకం గురించి రాయడానికి సిగ్గుపడను. నొప్పికి ఇచ్చే కొన్ని బలమైన మాత్రలు కడుపుని బిగించేస్తాయి. నీళ్ళు ఎక్కువ తాగమనీ, విరేచనం మందు మొదటి రోజునుంచే తీసుకోవచ్చనీ చెబితే సరిపోయేది. మా ఊళ్ళో ఒక పెద్దాయన కాలి నొప్పి కంటే దీనితోనే ఎక్కువ బాధపడ్డాడు.

ఇప్పుడు మాత్రల సంగతి. మీరిచ్చే డిశ్చార్జి కాగితం నాలుగు పేజీలు, ఇంగ్లీషు. నేను చదవగలను. నొప్పి మాత్ర ఎదురుగా "ఎస్ఓఎస్" అని ఉంది. మీ భాషలో దానికి "అవసరమైతే" అని అర్థమని ఇప్పుడు తెలుసు. నాకు తెలిసిన ఎస్ఓఎస్ మునిగిపోతున్న ఓడ పంపే సంకేతం. అంటే ప్రాణం మీదికి వస్తేనే ఆ మాత్ర వేసుకోవాలనుకున్నాను. నొప్పి మాత్రలు మింగితే కిడ్నీలు పోతాయని మా ఇళ్ళల్లో భయం ఉండనే ఉంది. ఇంటికొచ్చిన ఆరు రోజులు ఒక్కటీ వేసుకోలేదు. ఓర్చుకోవడం మంచి గుణమని పెరిగినదాన్ని. ఫిజియో అబ్బాయి కాలు వంచబోతే అరిచేసేదాన్ని, అతను వదిలేసేవాడు. ఏడో రోజు స్ట్రిప్పు చేతిలోకి తీసుకుని చూశాడు. ఒక్క బిళ్ళ కూడా తగ్గలేదు. "అమ్మా, నొప్పొచ్చాక వేసుకునేది కాదిది. నేను వచ్చే ముప్పావుగంట ముందు వేసుకోండి" అన్నాడు. ఆ రోజు మోకాలు పదకొండు డిగ్రీలు ఎక్కువ వంగింది.

డిగ్రీలు ఎలా తెలుసంటే, నేను కొలిచాను. బోర్డు మీద కోణాలు గీయడానికి వాడిన పెద్ద చెక్క కోణమాని నా దగ్గర ఉంది. రిటైరైన రోజు స్కూలు పిల్లలు దాని మీద సంతకాలు పెట్టి ఇచ్చారు. తొమ్మిదో తరగతి చదివే మనవడు దాన్ని నా మోకాలి పక్కన పెట్టి, దారం పట్టి, అంకె చదివేవాడు. గోడ మీది తిథుల క్యాలెండర్లో ఆ రోజు గడిలో రాసేవాడు. ఫిజియో అబ్బాయి తన ప్లాస్టిక్ కొలబద్దతో సరిచూస్తే రెండు మూడు డిగ్రీల కంటే తేడా రాలేదు. మార్గశిర శుద్ధంలో 62. నెల తిరిగేసరికి 84. ఆరో వారం 96. ఇప్పుడు 118. చదునైన నేల మీద నడవడానికి 70 డిగ్రీల వంపు చాలు, మెట్లెక్కడానికి 90 దగ్గరపడాలి, కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవడానికి ఇంకొంచెం కావాలి అని ఆ అబ్బాయి చెప్పాక, క్యాలెండర్లో అంకె చూస్తే నాకు నొప్పికి ఒక లెక్క దొరికినట్టయింది. ఎందుకు ఓర్చుకుంటున్నానో తెలిసింది. ఎంత మందికి ఈ మూడు అంకెలు చెబుతున్నారు మీరు?

వంగడం గురించే అందరూ అడుగుతారు. చాపడం గురించి ఎవరూ అడగరు. అసలు తప్పు అక్కడే చేశాను. ఇంటికొచ్చిన మొదటి రాత్రి కోడలు ప్రేమగా మెత్తటి దిండు తెచ్చి మోకాలి కింద పెట్టింది. ఎంత హాయిగా ఉందో. పదిహేను రోజులు ఆ దిండు తియ్యలేదు. పదహారో రోజు మంచం మీద కాలు చాపమంటే మోకాలు మంచానికి ఆనలేదు, కింద నా పిడికిలి దూరేంత సందు. పన్నెండు డిగ్రీలు తక్కువ. మోకాలు కాస్త వంగి ఉన్న స్థితిలోనే బిగుసుకుపోతోంది. అలాగే మిగిలిపోతే ఎప్పటికీ కుంటుతూ నడవాలి. దిండు పెట్టాల్సింది మడమ కింద, మోకాలి కింద కాదు. మోకాలి కింద ఖాళీ ఉంటే దాని బరువుకి అదే నెమ్మదిగా చాపుకుంటుంది. ఆ పన్నెండు డిగ్రీలు తెచ్చుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. రోజుకి నాలుగుసార్లు మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని, తొడ కండ బిగించి, మోకాలిని కిందికి నొక్కుతూ పది అంకెలు లెక్కపెట్టడం. కోడలు ఇప్పటికీ ఆ దిండు చూస్తే నొచ్చుకుంటుంది. ఆ పిల్ల చేసిందేముంది, పెద్దావిడ నొప్పి చూడలేకపోయింది. డిశ్చార్జి రోజు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి ఆ ఒక్క దిండు ఎక్కడ పెట్టాలో చూపిస్తే సరిపోయేది.

ఇంకో రెండు మా ఇళ్ళల్లో తప్పకుండా జరిగేవి, మీకు తెలియకపోవచ్చు. ఒకటి కాపడం. నొప్పి, వాపు అనగానే ఇసుక మూటో వేడినీళ్ళ సంచో సిద్ధం. మొదటి వారాల్లో ఈ వాపుకి కావాల్సింది చల్లదనం. ఐస్ ముక్కలు తువ్వాల్లో చుట్టి పావుగంట, చర్మానికి నేరుగా తగలకుండా. మా అత్తగారి తరం దగ్గర "ఐస్ పెడితే వాతం పట్టుకుంటుంది" అని ఒక మాట ఉంది. డాక్టరుగారే స్వయంగా చెబితే తప్ప ఆ మాట ముందు మా మాట నిలవదు. రెండోది పథ్యం. గాయం ఉన్నన్నాళ్ళూ పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు, వంకాయ, గోంగూర పెట్టరు. కారప్పొడి అన్నం, చారు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాల్సిన రోజుల్లోనే అవి మానిపిస్తారు. కుట్లు తీసేదాకా, అంటే దాదాపు రెండు వారాలు, మా సోషల్ టీచరు గారికి అలాగే పెట్టారు. "పప్పు, గుడ్డు, పాలు, పెరుగు తినండి. షుగరు ఉంటే అదుపులో పెట్టుకోండి" అని తెలుగులో రెండు ముక్కలు రాసివ్వండి. మీ సంతకంతో ఉన్న కాగితాన్ని ఏ అత్తగారూ కాదనదు.

మామూలు కానివి ఇప్పుడు. ఇవి పెద్దక్షరాలతో, కాగితం పైనే ఉండాలి. పిక్కలో కొత్తగా నొప్పి, గట్టిదనం, రాత్రి కాలు ఎత్తులో పెట్టినా తగ్గని వాపు వస్తే అదే రోజు చూపించాలి, పిసకకూడదు. ఆయాసం, ఛాతీలో నొప్పి, దగ్గితే నెత్తురు వస్తే క్షణం ఆగకుండా దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రికి, మీ ఊరిదాకా రానక్కర్లేదు. గాటు దగ్గర ఎరుపు రోజురోజుకీ పాకుతుంటే, రసి కారుతుంటే, జ్వరం వదలకుండా ఉంటే, చలి పుడితే, తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్ళీ పెరిగితే చూపించాలి. సొంతంగా యాంటీబయాటిక్ కొనుక్కుని మింగకూడదు. ఊళ్ళో మందుల షాపులో అడిగితే ఇస్తారు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా రాయాలి, ఎందుకంటే అలా మింగితే లోపల చీము ఉందో లేదో మీకే తెలియకుండా పోతుంది. పడిపోయి కాలు మోపలేకపోతే, పాదం పైకెత్తలేకపోతే కూడా ఆగకూడదు. ఏళ్ళ తర్వాత కూడా పంటి చీమో, మూత్రంలో ఇన్‌ఫెక్షనో, కాలి పుండో వస్తే అశ్రద్ధ చేయకూడదు, ఆ క్రిములు నెత్తురు ద్వారా కొత్త కీలుకి చేరవచ్చు. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తే లోపల లోహం ఉందని ముందే చెప్పాలి. ఇది నాకు ఎనిమిదో నెలలో, పన్ను పీకించుకోబోతుంటే, ఆ పళ్ళ డాక్టరే అడిగితే తెలిసింది.

కింద కూర్చోవడం గురించి దయచేసి ముందే, స్పష్టంగా, మనవాళ్ళ బతుకు తెలిసినవారిలా చెప్పండి. "నార్మల్ లైఫ్ గడపొచ్చు" అన్నారు మీరు. నా నార్మల్ లైఫ్‌లో పీట మీద కూర్చుని సత్యనారాయణ వ్రతం చేసుకోవడం ఉంది, కత్తిపీట ముందు కూర్చుని కూర తరుక్కోవడం ఉంది, గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి ఉంది. ఆపరేషనయ్యాక మరుగుదొడ్డి మార్పించుకోవాల్సి వచ్చింది, అప్పటిదాకా ఇరవై రోజులు నడుమ రంధ్రం చేసిన ప్లాస్టిక్ కుర్చీతో సరిపెట్టాం. వ్రతం ఈసారి కుర్చీలో కూర్చుని చేశాను. పంతులుగారు పీఠం ఎత్తు బల్ల మీద పెట్టారు, ఏ లోటూ రాలేదు. మోకాళ్ళ మీద ఆనడం మాత్రం ఇప్పటికీ చెయ్యలేను, ఆ తిమ్మిరి చోట ముళ్ళు గుచ్చినట్టు ఉంటుంది. ముందే తెలిస్తే నేను ఆపరేషన్ మానేసేదాన్ని కాదు. బాత్రూమ్ ముందే కట్టించుకునేదాన్ని, అంతే.

మరొక సంగతి కాస్త కష్టంగానే రాస్తున్నాను. ఈ ఆపరేషన్ చేయించుకున్న పది మందిలో ఒకరిద్దరికి ఏడాది తర్వాత కూడా నొప్పి మిగులుతుందని, అనుకున్నంత తృప్తి ఉండదని వైద్యులే చెబుతున్నారు. నాకు తెలిసిన వాళ్ళలో అలాంటివారు ఇద్దరున్నారు. వాళ్ళు ఓపీకి వచ్చినప్పుడల్లా "ఎక్స్‌రే బాగుందమ్మా" అని పంపేస్తున్నారు. ఎక్స్‌రే బాగుండటం వాళ్ళకీ సంతోషమే. కానీ నొప్పి ఎక్స్‌రేలో లేదు, కాలులో ఉంది. తుంటి నుంచో నడుం నుంచో వస్తుందేమో, లోపల నెమ్మదిగా ఉండే ఇన్‌ఫెక్షనేమో వెతకండి. ఏమీ దొరక్కపోతే దొరకలేదని చెప్పండి, నొప్పిని తట్టుకునే దారి చెప్పండి. వాళ్ళిద్దరూ ఇప్పుడు ఆసుపత్రికి రావడం మానేసి నాటు వైద్యం దగ్గరికి వెళ్తున్నారు.

ప్రభుత్వం 2017 ఆగస్టులో ఈ కీళ్ళ ధరకి కళ్ళెం వేసింది. జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ, అంతకు ముందు సగటున లక్షా యాభై ఎనిమిది వేలకి అమ్ముతున్న కోబాల్ట్ క్రోమియం లోహంతో చేసిన మోకీలుకి 54,720 రూపాయలు, ఆపైన జీఎస్టీ, అని గరిష్ఠ ధర కట్టింది. మాలాంటి పెన్షన్ కుటుంబాలకి అది పెద్ద మేలు. లోహపు ముక్క విషయంలో అంత పట్టుదల చూపిన దేశంలో, ఆ ముక్క పనిచెయ్యాలంటే కావాల్సిన ఆరు వారాల ఫిజియోథెరపీ మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు. నేను చూసిన ప్యాకేజీలో మంచం అద్దె ఉంది, థియేటరు ఉంది, అయిదు రోజుల ఫిజియో ఉంది. ఇంటికెళ్ళాక రోజుకి ఇంత అని ఇచ్చి సొంతంగా పిలిపించుకోవాలి. తణుకు దగ్గర కాబట్టి నాకు అబ్బాయి దొరికాడు. పోలవరం వైపు మా బంధువు ఒకావిడకి ఎవరూ దొరకలేదు. ఆవిడ మోకాలు మూడో నెలకి 70 దగ్గర ఆగిపోతే మత్తిచ్చి బలవంతంగా వంచాల్సి వచ్చింది.

అడిగేవి ఎక్కువేం కాదు. ఆపరేషన్‌కి వారం ముందు, రోగినీ, ఇంట్లో సేవ చెయ్యబోయే మనిషినీ కలిపి గంటసేపు కూర్చోబెట్టండి. మా ఇళ్ళల్లో సంతకం పెట్టేది కొడుకు, మంచం దగ్గర ఉండేది కోడలో కూతురో. ఆమెతో మాట్లాడండి. మీకు టైము లేకపోతే నర్సమ్మ చేత, ఫిజియో చేత చెప్పించండి, వాళ్ళే బాగా చెబుతారు కూడా. మంచం పక్కన గోడకి అంటించుకునే ఒక కాగితం ఇవ్వండి, తెలుగులో, కళ్ళజోడు లేకుండా చదవగలిగే అక్షరాలతో. మాత్రల పక్కన "ఎస్ఓఎస్" తీసేసి ఎప్పుడు, ఎన్ని, ఎన్నిటికి మించకూడదో రాయండి. కిడ్నీకి ఏది ఇబ్బందో, ఏది కాదో కూడా. రాత్రిపూట ఎత్తే నంబరు ఒకటి, ఎత్తే మనిషికి పిక్క నొప్పికీ కమిలిన రంగుకీ తేడా తెలిసేలా. పదో రోజు ఆసుపత్రి నుంచే ఒక ఫోను. "దిండు ఎక్కడ పెడుతున్నారు? మాత్ర వేసుకుంటున్నారా? పిక్క ఎలా ఉంది? ఏం తింటున్నారు?" నాలుగు ప్రశ్నలు, మూడు నిమిషాలు. వ్యాయామాలు తెలుగులో వీడియో తీసి వాట్సాప్‌లో పంపండి. మా మనవళ్ళు పెట్టి చూపిస్తారు.

మీ చేతుల్లో రోజుకి ఎన్ని మోకాళ్ళు తిరుగుతాయో నాకు తెలుసు. ఓపీలో నా వెనక నలభై మంది కూర్చుని ఉండేవారు. మీకు ఇది వెయ్యో మోకాలు. అందుకే మీకు ఏది మామూలో చూడగానే తెలుస్తుంది. నాకు అదే మొదటిది.

ఈ ఏడాది నేనే ఒక కాగితం రాసుకున్నాను. ఒక వైపు మామూలువి, రెండో వైపు ఎర్ర సిరాతో మామూలు కానివి. మా ఊరి ఎండీ డాక్టరు గారికి చూపించి రెండు తప్పులు దిద్దించాను. మా వీధిలో ఇద్దరు, పక్క ఊళ్ళో ఒకరు ఆపరేషన్‌కి వెళ్తూ జిరాక్స్ తీయించుకుని పట్టుకెళ్ళారు. అందులో ఒకావిడ పదకొండో రోజు రాత్రి ఫోన్ చేసి, "టీచరుగారూ, కాలు నల్లబడింది, మీ కాగితంలో మొదటి వైపే ఉంది కదా, పడుకుంటున్నాను" అంది. పిక్క నొక్కి చూసుకోమన్నాను, మెత్తగానే ఉందంది. పొద్దున్న డాక్టరుగారికి ఒకసారి ఫోను చేసి చెప్పమన్నాను. ఆ కాగితం అడిగితే మీకూ పంపుతాను. నేను డాక్టర్ని కాదు, అందులో ఇంకా లోపాలుంటాయి. మీరు దిద్ది, మీ ఆసుపత్రి పేరు వేసుకుని అచ్చు వేయించుకోండి, నా పేరు అక్కర్లేదు.

సంక్రాంతి వెళ్ళాక ఎడమ మోకాలికి వస్తున్నాను. కోణమాని కూడా తెచ్చుకుంటాను. ఈసారి ఆ కాగితం మీ చేతినుంచి, ఆపరేషన్‌కి ముందు, మా కోడలి చేతిలో పెట్టండి.

నమస్కారాలతో,
ఒక రిటైర్డ్ లెక్కల టీచరు